తెలియదు అని రాయించిన మేడం

మిక్సీ మోటారు మాడే ముందు ఒక వాసన వస్తుంది. పొగ ఇంకా కనిపించదు, చప్పుడు కూడా మామూలుగానే ఉంటుంది. కానీ లోపల తీగ మీది వార్నిష్ వేడెక్కి, మాడీమాడని బెల్లంపాకం లాంటిదేదో ముక్కుకు తగులుతుంది. మొన్న ఆదివారం గాంధీనగర్‌లోని మా ఇంట్లో పెసరట్టు పిండి రుబ్బుతుంటే ఆ వాసన వచ్చింది. వెంటనే ప్లగ్ పీకేశాను. హాల్లోంచి మా ఆయన, "పాతదైంది, ఎక్స్‌ఛేంజ్‌ల ఇచ్చేద్దాం తియ్" అన్నారు. నేను వినిపించుకోలేదు. జారు పక్కన పెట్టి, మిక్సీని బోర్లించి, అడుగున స్క్రూలు ఎక్కడున్నాయో చూస్తూ నిలబడ్డాను. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి చూసి, "అయిపాయె, మీ మేడం పూనింది" అని వెళ్లిపోయారు. ఆ పూట మా ఇంట్లో ఉప్మా తిన్నాం.

మా మేడం అని నేను అన్నప్పుడల్లా ఏ స్కూల్లో మేడం అని అడుగుతారు అందరూ. ఇందుమతి మేడం టీచరు కాదు. మిక్సీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో సర్వీసు విభాగానికి పెద్ద. ఎలక్ట్రికల్ ఇంజనీరు. బర్కత్‌పురలో పుట్టి అక్కడే పెరిగిన మనిషి. పొట్టిగా, కాస్త లావుగా, ఎప్పుడూ కాటన్ చీర, చీర మీద మగవాళ్ల చొక్కా. చొక్కా జేబులో టెస్టర్. పొగడడం అనే విద్య ఆవిడకు రాదు. పని బాగుంటే "సరే" అనేవారు. బాగా లేకపోతే మాత్రం చాలా మాటలు వచ్చేవి. ఆవిడ దగ్గర పనిచేసిన కాలం పెద్దదేమీ కాదు గానీ, ఆ తర్వాత చేసిన ఉద్యోగాలన్నీ ఆవిడ నేర్పినదాని మీదే నడిపాను. ఆవిడను ఎన్నడూ చూడనివాళ్లకు ఆవిడ గురించి చెప్పాలని చాలాకాలంగా ఉంది.

నేను సిద్దిపేట వైపు నుంచి గ్రూప్స్ రాయడానికి అశోక్‌నగర్ వచ్చినదాన్ని. ఆ పేటలో ఉన్నవాళ్లకు మిగతా సంగతి చెప్పక్కర్లేదు. హాస్టల్ గదిలో మంచానికీ మంచానికీ మధ్య ఒక బకెట్ పట్టేంత జాగా, పొద్దున్నే లైబ్రరీలో కుర్చీ కోసం పరుగు, సాయంత్రం టీకొట్టు దగ్గర నోటిఫికేషన్ల మీద పుకార్లు. నోటిఫికేషన్ రాకపోతే రాలేదని బాధ, వస్తే కోర్టుకెక్కిందని బాధ. ఇంట్లో ఇంకెన్నాళ్లని అడగడం మానేశారు. అడగడం కంటే మానెయ్యడమే ఎక్కువ కష్టంగా ఉండేది. చదువుతూనే ఏదో ఒకటి చేద్దామని చూస్తుంటే, చిక్కడపల్లిలో కంప్యూటర్ తెలిసిన అమ్మాయి కావాలన్నారని మా హాస్టల్లో ఒకామె చెప్పింది. నడిచి వెళ్లేంత దూరమే. వెళ్లాను.

స్టీలు సామాన్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఆఫీసు. మేడం నా సర్టిఫికెట్లను పక్కకు తోసి, బల్ల మీద ఒక పాత మిక్సీ, స్క్రూడ్రైవర్ పెట్టారు.

"ఇప్పు" అన్నారు.

"డేటా ఎంట్రీ పని అన్నరు గద మేడం?"

"గందుకే ఇప్పుమంటున్న. లోపల ఏమున్నదో సూడకుండ ఏం ఎంటర్ జేస్తవ్?"

నేను అప్పటిదాకా మిక్సీ అడుగు చూసిన మనిషిని కాదు. నాలుగు స్క్రూలు ఊడదీసి, ఊడని చోట బలంగా లాగితే ప్లాస్టిక్ కొక్కెం ఒకటి టప్పున విరిగింది. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆవిడ ఆ విరిగిన ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, "ఇది ఇర్గుతదని ఎక్కడన్న రాసి ఉంటె నువ్వు లాగకపోతుంటివి. గిది రాసుడే నీ పని. రేపటి సంది రా" అన్నారు. ఇప్పుడు ఆ పనికి పెద్దపెద్ద పేర్లు వచ్చాయి. సర్క్యులర్ ఎకానమీ అంటారు, ప్రొడక్ట్ డేటా అంటారు. నాకు మాత్రం అది చేతిలో ఉన్న ఆ ప్లాస్టిక్ ముక్కతోనే అర్థమైంది.

పాత మిక్సీ తెచ్చి కొత్తది పట్టుకెళ్లండి అనే మేళాలు మన ఊళ్లో చూడనివాళ్లుండరు. ఆ పాతవన్నీ ఏమవుతాయో ఎవరూ అడగరు. మా కంపెనీలోనూ మొదట్లో తూకానికి వేసేసేవారట. మేడం అడ్డుపడ్డారు. మంచి బేరింగు, మంచి జారు, పనిచేసే మోటారు, కిలోలకొద్దీ ప్లాస్టిక్, ఇవన్నీ మనమే తయారుచేసి మనమే పారేస్తే ఎలా అని వాదించి, నారాయణగూడలో ఒక గల్లీలోని పాత ఇంటి కింది భాగంలో వర్క్‌షాపు పెట్టించారు. వచ్చిన ప్రతి మిక్సీని విప్పుతారు. బాగున్న భాగాలతో మళ్లీ మిక్సీ కట్టి గ్యారంటీతో అమ్ముతారు. బాగాలేనివి విడదీసి రాగి రాగికి, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కు పంపుతారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ కంపెనీ యజమాని, మేమందరం పెద్దసార్ అనే ఆయన, ఒక షరతు పెట్టారు. ఏ మిక్సీలో ఏముందో, దానికి గ్యారంటీ ఎందుకివ్వచ్చో మార్చి ఆఖరుకల్లా కంప్యూటర్లో చూపించాలి. చూపించలేకపోతే వర్క్‌షాపు మూసి దాన్ని గోడౌన్ చేస్తారు. నన్ను పెట్టుకున్నది అందుకే. నా బల్లా కంప్యూటరూ వర్క్‌షాపులోనే వేశారు.

వర్క్‌షాపులో పనిచేసేది ఆడవాళ్లు. అంబర్‌పేట వైపు బస్తీల నుంచి వచ్చేవారు. ఎక్కువమంది పాలమూరు నుంచి కూలికి వచ్చిన కుటుంబాలవాళ్లు. వాళ్లలో యాదమ్మ అని ఒకామె ఉండేది. బిల్డింగుల దగ్గర ఇసుకా ఇటుకా మోసి మోసి నడుము పట్టేసి, డాక్టరు ఇక బరువు ఎత్తొద్దన్నాక ఇక్కడికి వచ్చింది. కూర్చుని చేసే పని దొరకడం తన అదృష్టమని రోజుకొకసారైనా అనేది. భర్త ఉన్నాడో లేడో చెప్పేది కాదు, మేమూ అడగలేదు. ఒక కూతురుంది, ఇంటర్ చదువుతోంది. వర్క్‌షాపు మూతపడితే ఎవరికేం పోతుందని నేను అనుకున్నప్పుడల్లా నాకు ముందు యాదమ్మ నడుమే గుర్తొచ్చేది.

మొదటి వారం నా తెలివంతా వెళ్లబోసి పెద్ద పట్టిక ఒకటి తయారుచేసుకుని మేడం ముందు పెట్టాను. మోడల్, సీరియల్ నంబరు, తయారైన నెల, రంగు, బరువు, అట్టపెట్టె కొలతలు, ఇంకా ఏవేవో. గ్రూప్స్‌కు చదివినవాళ్లం, ఏదీ వదలకూడదని మా నమ్మకం. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, "రంగు ఎవరికోసం?" అన్నారు.

"ఎవరికన్న పనికొస్తదని మేడం."

"ఎవరికన్న అంటె ఎవరికీ గాదు. మనిషి పేరు జెప్పు."

రంగు పోయింది, అట్టపెట్టె పోయింది, సగం పట్టిక పోయింది. నాకు రోషం వచ్చి ఆ మధ్యాహ్నం ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ అది గమనించలేదు కూడా. నాలుగు రోజుల తర్వాత ఎక్కడినుంచో ఫోన్ చేసి, "స్వప్నా, రంగు వాపస్ పెట్టు. ప్లాస్టిక్ కరిగించేటాయనకు గావాల్నంట, తెల్లది నల్లది కల్పితె పనికిరాదంట. పక్కన ఆయన పేరు రాయి" అన్నారు. అట్లా మా పట్టికలో ప్రతి కాలమ్ పైనా ఒక మనిషి పేరుండేది. ఆ మనిషి కనిపించి నాకిది అక్కర్లేదంటే ఆ కాలమ్ తీసేసేవాళ్లం. యాదమ్మ పేరుతో కూడా ఒకటుంది. మూత ఏ వైపు నుంచి పట్టి లేపితే కొక్కెం విరగదో అందులో రాసేవాళ్లం. తన పేరు కంప్యూటర్లో చూసుకుని ఆమె, "గీ టీవీల నాకేం పని" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్లకూ తనే దగ్గరుండి అది చూపించేది.

కొన్నాళ్లకు ఫ్యాక్టరీ రికార్డులన్నీ నా కంప్యూటర్లోకి తెచ్చుకోగలిగాను. మిక్సీ అడుగున ఉన్న సీరియల్ నంబరు కొడితే చాలు, మోటారు ఏ రకం, తీగ ఏది, ప్లాస్టిక్ ఏది, బేరింగు ఎవరు సరఫరా చేశారు, అన్నీ వాటంతటవే వచ్చి గళ్లలో కూర్చునేవి. చూడముచ్చటగా ఉండేది. మేడంను పిలిచి చూపిస్తుంటే, అవతలి బల్ల దగ్గరి నుంచి యాదమ్మ కేకేసింది.

"మేడం, గిది మనది గాదు."

వెళ్లి చూశాం. పైన బాడీ మాది, నంబరు మాది, లోపల మోటారు మాత్రం ఎవరిదో. అంతేకాదు, మోటారు మరీ వేడెక్కితే ఆపేసే చిన్న స్విచ్ ఒకటుంటుంది, మిక్సీ అడుగున ఎర్ర బొత్తం. దాని రెండు వైర్లూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టేశారు. అంటే ఆ మిక్సీ ఎంత వేడెక్కినా ఆగదు. నా కంప్యూటర్ మాత్రం స్విచ్ ఉంది, బాగుంది అంటోంది. ఆ వారంలో అలాంటివి ఇంకా బయటపడ్డాయి. ఊరంతా గల్లీగల్లీకీ ఒక రిపేరు దుకాణం. ఏళ్ల తరబడి ఇళ్లల్లో తిరిగిన మిక్సీ ఫ్యాక్టరీ నుంచి పోయినట్టే తిరిగొస్తుందని అనుకోవడం మా కంపెనీవాళ్లకే చెల్లింది.

మేడం కోప్పడలేదు. ఆ మోటారును చేతిలో తిప్పి చూస్తూ, "మనం జేసింది జాతకం స్వప్నా. పుట్టినప్పుడు గ్రహాలు ఎట్లున్నయో రాసినం. అత్తారింటికి పోయినంక ఎట్ల బత్కిందో ఎవరు రాయాలె?" అన్నారు. ఆ రోజు నుంచి ఒక్కో మిక్సీకి రెండు పేజీలు. మొదటిది ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి సంగతి, రెండోది తిరిగొచ్చాక మేము కళ్లతో చూసిన సంగతి. రెండోదాన్ని ముద్దుగా అత్తారింటి పేజీ అనేవాళ్లం. అమ్మాలా వద్దా అనేది దాన్నిబట్టే.

ఆ పేజీ రాయడానికి ఆవిడ నన్ను వెంటేసుకుని రిపేరు దుకాణాలు తిరిగారు. చిక్కడపల్లి మార్కెట్ వెనక ఒకతను మమ్మల్ని చూడగానే చేతిలో పని ఆపేశాడు. మేడం సంచిలోంచి ఆ మోటారు తీసి బల్ల మీద పెట్టారు.

"అన్నా, గిది నువ్వేసినదేనా?"

"ఏంది మేడం, కంప్లైంటా?"

"కంప్లైంట్ గాదు. ఎందుకేసినవో తెల్సుకుందామని."

అతను కాసేపు చూసి, మా ఇద్దరికీ స్టూళ్లు జరిపాడు. "మీ కంపెనీ మోటర్ కోసం తిరిగి తిరిగి యాష్టకొచ్చింది మేడం. ఇంటామె రేపు పిండి రుబ్బాలె అంటది. ఏది దొర్కితె అదేసిన."

"మరి స్విచ్ ఎందుకు డైరెక్ట్ జేసినవ్?"

"అది మాటిమాటికి ఎగురుతది. ఆమె మాటిమాటికి నా మీదికొస్తది. డైరెక్ట్ జేస్తె ఇద్దరికీ పరేషాని ఉండది."

దాంతో ప్రమాదమని మేడం చాలాసేపు చెప్పారు. అతను విన్నాడు, టీ కూడా తెప్పించాడు, కానీ కొత్త స్విచ్ ఎక్కడ దొరుకుతుందని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మా కంపెనీ అవి దుకాణాలకు పంపడమే లేదు. తిరిగొస్తూ మేడం నారాయణగూడ చౌరస్తా దగ్గర ఆగి, "తప్పు ఆయనదొక్కనిదే గాదు. స్పేర్లు పంపనిది మనమే. ఇంకో కాలమ్ పెట్టు, దొరకని స్పేరు ఏదని. పైన నా పేరు రాయి" అన్నారు. తన తప్పుకు తన పేరుతోనే కాలమ్ పెట్టించుకున్న అధికారిని నేను తర్వాత మళ్లీ చూడలేదు.

అత్తారింటి పేజీతో ఒక చిక్కొచ్చింది. కొన్ని సంగతులు చూస్తే తెలుస్తాయి, కొన్ని ఎంత చూసినా తెలియవు. మోటారు లోపలి తీగ చుట్టు గతంలో ఎంత వేడి తిన్నదో, దాని పైపూత ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుందో బయటికి కనిపించదు. ఇవాళ పరీక్ష పెడితే పాసవుతుంది. రేపటి మాట ఎవరూ చెప్పలేరు. అలాంటి గళ్లు నేను ఖాళీగా వదిలేస్తే మేడం ఒప్పుకోలేదు. ఖాళీ అంటే ఎవరూ చూడలేదని అర్థం, చూసి కూడా తెలుసుకోలేకపోతే తెలియదు అని అక్షరాలా రాయాలి అన్నారు. "ఖాళీ ఉంటె తిడత. తెలియదు అని ఉంటె తిట్ట. అందాజగ నింపినవనుకో, ఇంటికి పంపుత" అన్నది ఆవిడ హెచ్చరిక. విన్నప్పుడు చిన్న మాటే. ఫిబ్రవరి వచ్చేసరికి మా పట్టికలో ఎక్కడ చూసినా ఆ మాటే కనిపించసాగింది. సీరియల్ నంబరు చెప్పినట్టే లోపలా ఉండి, స్విచ్ సరిగ్గా పనిచేయడం వల్ల మోటారు మాడలేదని చెప్పగలిగిన మిక్సీలు కొన్నే. మిగతావన్నీ బయట రిపేరుకు వెళ్లొచ్చినవే.

మార్చిలో పెద్దసార్ వర్క్‌షాపుకు వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. వచ్చినప్పుడల్లా అందరికీ సమోసాలు తెప్పించేవారు, ఆడవాళ్లను పేరుపేరునా పలకరించేవారు. ఆ రోజూ సమోసాలు వచ్చాయి. నా పక్కన కుర్చీలో కూర్చుని పట్టికంతా ఓపిగ్గా చూశారు. చూసిన కొద్దీ మొహం ముడుచుకుంది.

"ఇందుమతిగారు, గింత కష్టపడి తెలియదు అని రాసుడేంది? తెలియనిదానికి గ్యారంటీ ఎట్ల ఇస్తం?"

"ఇయ్యొద్దు సార్. తెల్సినవాటికే ఇద్దాం. మిగతావి ఇప్పి రాగి, ప్లాస్టిక్ తీస్కుందాం."

"తెల్సినవి మరీ తక్కువున్నయ్ గదా. గవాటితోని ఈ షాపు నడ్వదు." ఆయన నా వైపు తిరిగారు. "అమ్మా, ఫ్యాక్టరీ రికార్డు నీ కంప్యూటర్ల ఉన్నది గద. తెలియదు అన్న కాడ అది నింపు. టెస్టు పాసైన మిషన్లే గద అన్ని. షాపు బత్కుతది."

నింపడం ఎంతసేపు పని? ఒక్క కమాండ్ కొడితే చాలు. నాకు నింపాలనే ఉంది. తలుపు దగ్గర యాదమ్మ చేతిలో సమోసా పట్టుకుని, తినకుండా, మా వైపే చూస్తోంది. ఆయన అడిగింది మరీ అన్యాయమని కూడా నాకు అనిపించలేదు. నా చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. మేడం మాత్రం లేచి నిలబడ్డారు.

"టెస్టు ఇయ్యాల పాసైంది సార్. లోపల ఎంత మాడిందో మనకు తెల్వదు. అమ్మినంక ఎవరింటికి పోతదో గూడ తెల్వదు. కానీ ఒకటి తెల్సు. మిక్సీ ముంగట తడిచేతులతోని నిలవడేది ఒక ఆడామె. ఆమెకు తెల్సు అని అబద్ధం రాసిచ్చి నేను అమ్మలేను."

"షాపు బందయితది మరి."

"తెల్సు సార్."

ఆవిడ ఒకసారి కాదంటే ఆ మాట మార్చరని పెద్దసార్‌కు మాకంటే ముందు తెలుసు. నెలాఖరుకు తాళాలు పంపమని చెప్పి వెళ్లిపోయారు.

ఆయన కారు గల్లీ మలుపు తిరిగిందో లేదో యాదమ్మ లోపలికి వచ్చింది. నేను ఆమెను అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"ఒక్క మాట మార్చి రాస్తె ఏం పోతుండె మేడం?"

"ఏం పోకపోతుండె యాదమ్మా. షాపు ఉంటుండె."

"మరి? నేను మళ్ల తట్ట మొయ్యాల్నా? నా నడుం లేస్తదా? మీకేంది, మీకు ఇంకో ఆఫీసున్నది."

"అవును, నాకున్నది. నీకు లేదు. నీకు జవాబు జెప్పెతందుకు నా దగ్గర ఏం లేదు."

మేడం వాదిస్తారని, తను చేసింది ఎందుకు సరైనదో విడమరిచి చెబుతారని నేను ఎదురుచూశాను. చెప్పలేదు. యాదమ్మ తిట్టినంతసేపూ నిలబడి విన్నారు. ఆ తర్వాత పది రోజులు ఆవిడ పగలంతా ఫోన్ల మీదే ఉన్నారు. తెలిసిన దుకాణాలు, కుట్టు కేంద్రాలు, ప్యాకింగ్ యూనిట్లు, ఎవరినీ వదల్లేదు. కొంతమందికి పని దొరికింది. యాదమ్మకు దొరకలేదు. ఆమె కోసం అడిగిన రెండు చోట్లా రోజంతా నిలబడి చేసే పని, ఆమె నడుముకు కుదరలేదు. మేడం మొహంలో ఆ రోజుల్లో నేను చూసిన అలసట తర్వాత ఎప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం, వెళ్లేవాళ్లు తలా ఒక మిక్సీ, పేజీ చూసుకుని, ఇష్టమొచ్చింది తీసుకెళ్లండని మేడం చెప్పారు. అల్మరాల్లో అన్ని రకాలూ ఉన్నాయి. తుడిచి పెట్టినవే, పరీక్ష పాసైనవే. మిగతావాళ్లు జార్లు, రంగులు చూసుకుని తీసుకున్నారు. యాదమ్మ మేడంతో ఆ పది రోజులూ మాట్లాడలేదు, ఆ రోజూ మాట్లాడలేదు. ఒక తెల్లటి మిక్సీ, చాలా కొత్తగా ఉన్నది, చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"స్వప్నమ్మా, జర దీన్ల సూడు. తెలియదు అని ఉన్నదా?"

నంబరు కొట్టి చూశాను. "ఉన్నది యాదక్కా."

ఆమె దాన్ని తీసుకెళ్లి ఉన్నచోటే పెట్టేసి, మూలనున్న పాత మోడల్ ఒకటి, రంగు వెలిసినది, పట్టుకొచ్చింది.

"దీన్ల?"

"దీన్ల లేదు. అన్ని సూసినయే."

"నా బిడ్డ నూరుతది" అంది యాదమ్మ, నాతో కాదు, మిక్సీతో అన్నట్టు. దాన్ని పాత చీరలో మూటగట్టి, మేడం ముందు నుంచే నడిచి గల్లీలోకి వెళ్లిపోయింది. చెప్పి కూడా వెళ్లలేదు. మేడం ఆమె వెనకే చూస్తూ, "మంచిదే తీస్కపోయింది" అన్నారు. అనేసి కుర్చీలో కూర్చుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. తాళాలు వేసేసరికి పొద్దుగూకింది.

వర్క్‌షాపు గోడౌనైంది. కానీ మేడం పేరుతో ఉన్న ఆ కాలమ్, దొరకని స్పేర్లది, ఫ్యాక్టరీకి వెళ్లింది. ఆవిడ దాన్ని ప్రతి మీటింగులోనూ బల్ల మీద పెట్టి పోరాడగా పోరాడగా, ఎర్ర బొత్తం స్విచ్‌లు మామూలు దుకాణాలకు పంపడం మొదలైంది. తర్వాతి మోడల్లో ఆ స్విచ్‌ను బాడీ మొత్తం విప్పకుండానే మార్చుకునేలా చేశారు. చిక్కడపల్లి మెకానిక్ నాకు ఒకసారి మార్కెట్లో కనిపించి, ఇప్పుడు డైరెక్ట్ చేయడం లేదని తనే చెప్పాడు. నేను గ్రూప్స్ పుస్తకాలు హాస్టల్లో ఎవరికో ఇచ్చేసి ఇదే దారిలో వచ్చేశాను. మేడం రిటైరై, బర్కత్‌పురలో తన ఇంట్లోనే, కిందటేడు పోయారు. చివరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా నా కొత్త ఉద్యోగంలో ఎన్ని కాలమ్‌లున్నాయి, వాటి మీద పేర్లున్నాయా అనే అడిగారు. ఉన్నాయన్నాను. "సరే" అన్నారు.

ఇప్పుడు నేను చేసేది పెద్ద కంపెనీలో. ప్రతి వస్తువు దేనితో తయారైంది, ఎలా విప్పాలి, ఏ భాగం మళ్లీ వాడొచ్చు అని కొనేవాళ్లే అడుగుతున్న రోజులివి. మా దగ్గరి పిల్లలు చురుకైనవాళ్లు. గళ్లన్నీ నిండితే తెరమీద పచ్చ గుర్తు వస్తుంది, ఆ పచ్చ గుర్తంటే వాళ్లకు ప్రాణం. నేను వెళ్లి కొన్ని చోట్ల తెలియదు అని రాయిస్తాను. పచ్చ గుర్తు పోతుంది. నా మీద సణుగుతారు, పైవాళ్లు మీటింగుల్లో నన్ను నిలబెట్టి అడుగుతారు, ఒకసారి పెద్ద ఆర్డరు కూడా చెయ్యిజారింది. అలాంటప్పుడు ఎవరి జీతం తగ్గిందో, ఎవరిని ఇంటికి పంపారో కూడా కనుక్కుంటాను. ఆ మాట రాయించినవాళ్లు అది తెలుసుకుని తీరాలని నాకు మేడం చెప్పలేదు, యాదమ్మ ముందు నిలబడి చూపించారు.

యాదమ్మ కోసం నేను తర్వాత అంబర్‌పేట బస్తీకి వెళ్లాను. ఆ గుడిసెల చోట అపార్ట్‌మెంటు లేస్తోంది. కొందరు ఊరికి పోయిందన్నారు, కొందరు వేరే బస్తీకి మారిందన్నారు. ఆమె నడుము కుదుటపడి ఉంటుందని, కూతురు చదువుకుని ఎక్కడో ఉద్యోగంలో ఉంటుందని, తల్లిని ఇక తట్ట ఎత్తనివ్వడం లేదని అనుకోవాలని నాకు చాలా ఉంటుంది. ఎవరైనా అడిగితే అలాగే చెప్పాలని కూడా నోటి దాకా వస్తుంది. కానీ నేను చూడలేదు. యాదమ్మ ఏమైందో నాకు తెలియదు.